తొమ్మిదో మరను ఎవరు అడగాలి

పడమటి గాలి, నిలకడగా

బేరింగులకు గ్రీజు పెట్టాను. రెక్కల మీది దుమ్ము తుడిచాను. మంచు పట్టే వలలో కడివెడు నీళ్లు కూడా పడలేదు. మర దినచర్యలో ఇంతకు మించి రాయక్కర్లేదని మా కాపరుల సంఘం అంటుంది. నేను రాస్తాను. ఒక మనిషి గుట్ట మీద ఒంటరిగా గాలిమరకు కాపలా కాస్తుంటే, ఆ మనిషి గురించి ఒక్క ముక్క లేకుండా గ్రీజు గురించి మాత్రమే చెప్పే పుస్తకం ఎవరికి కావాలి?

ఈ రోజు కుళ్ళాయప్ప మామ, గుట్ట నుంచి గుట్టకు తాడు మీద వేలాడుతూ నడిచే తాడుబండిలో వచ్చాడు. మా సంఘం కార్యదర్శి. దుమ్ము ముసుగు విప్పకముందే పని చెప్పాడు.

“వన్నూరూ, లైన్లో ఒక బాట్ పెట్టల్లమ్మా. నీ పలకలోంచే నడపల్ల. నీ బ్యాటరీ ఒకటే కొత్తది.”

లైను అంటే మా గుట్టల మీది మరలన్నిటినీ కలిపే రాత లైను. ప్రతి మరలో గోడకు బిగించిన పలక ఒకటి ఉంటుంది. దాని మీద రాస్తే మర నంబరుతో సహా అందరికీ కనిపిస్తుంది. కింద లోయంతా దుమ్ము, పైన ఎండ. ఇంకో మనిషి మొహం చూడాలంటే తాడుబండి రావాలి. అందుకే పొద్దుగూకే వేళకు, వంతు వచ్చినవాళ్లు ఒక్కో మరనూ పేరుపెట్టి “ఏం వండినారు?” అని అడగాలి. బాగున్నారా అంటే అందరూ బాగున్నామనే అంటారు. ఏం వండినారంటే అబద్ధం చెప్పడం కష్టం. పొయ్యి వెలిగించలేనంత నీరసపడిన మనిషి ఒకటి రెండు రోజుల్లోనే దొరికిపోతుంది. మొదట ఈ గుట్టలెక్కినవాళ్లు పెట్టిన ఆచారం ఇది.

“వంతులు ఎగ్గొడతాండారు,” అన్నాడు మామ. “మొన్న జ్వరమొచ్చి పడుంటే నన్ను అడిగిన నాథుడు ల్యా. బాట్ అయితే మర్చిపోదు. ఎవురన్నా కష్టమని రాస్తే తాడుబండి పక్కీరప్ప షెడ్డులో గంట గూడా కొడతాది.”

“మనుషులు ఎగ్గొట్టిన పని యంత్రానికి అంటగడతామా మామా?”

“నువ్వే గదమ్మా, చాకిరీ యంత్రాలు చెయ్యల్ల, మనుషులు మనుషుల్లెక్క బతకల్ల అని ఆపొద్దు మీటింగులో అరిస్తివి.”

అన్నమాట నిజమే. సరుకుల పెట్టెల అడుగున పరిచి పంపే పాత కరపత్రాలే నా చదువు. ఒకదాంట్లో, యంత్రం మనిషి వీపు మీది బరువు దించాలని ఉంది. ఇంకోదాంట్లో, మనిషికి మనిషి చేయవలసిన పనిని యంత్రం చేతిలో పెట్టిన రోజున మనుషులు చిన్నబోతారని ఉంది. రెండూ చదివి కంటతడి పెట్టుకున్నదాన్ని. రెండిట్లో ఏది బాట్‌కు వర్తిస్తుందో నాకే తెలియలేదు.

సంఘం సమావేశం దాకా ప్రయత్నంగా నడుపుతానని ఒప్పుకున్నాను. ఉంచాలో తీయాలో అక్కడ తేలుతుంది.

పడమటి గాలి, దుమ్ముతో

బాట్‌కు నేను రెండే మాటలు నేర్పాను. పొద్దుగూకగానే ఒక్కో మరకూ విడిగా “నమస్కారం. ఈ రోజు ఏం వండుకున్నారు?” అని రాస్తుంది. జవాబు ఏదొచ్చినా “మంచిది. రేపు మళ్లీ అడుగుతాను” అంటుంది. జవాబులన్నీ పోగుచేసి అందరూ చూసేలా లైన్లో పెడుతుంది.

ఈ సాయంత్రం ఆ పోగులో ఒకటి చూసి నా ఒళ్లు మండింది.

“తొమ్మిది: కొర్రన్నం. చింతాకు పప్పు. ఉప్పెక్కువైంది. ఎవురు నాయనా నువ్వు?”

తొమ్మిదో మర మారెక్కది. ఆమెతో ఎవరూ మాట్లాడరు. నీళ్ల పీపాలు పెంచమని దిగువ కంపెనీ మీద మేమంతా మరలు ఆపి సమ్మె చేసినప్పుడు, తొమ్మిదో మర ఒక్కటే తిరిగింది. ఆసుపత్రికి కరెంటు తీగ తన మర నుంచే పోతుంది కాబట్టి ఆపనని ఆమె అంది. ఆసుపత్రికి బ్యాటరీలున్నాయని సంఘం అంది. సమ్మె ఓడిపోయింది. క్షమాపణ చెప్పేదాకా తొమ్మిదో మరతో మాట బంద్ అని తీర్మానమైంది. ఆమె చెప్పలేదు. అప్పటి నుంచి ఆమె సరుకులు తాడుబండిలో పోతాయి, గంట మోగుతుంది, ఖాళీ బండి తిరిగొస్తుంది. అంతే.

నేను బాట్‌కు మరల నంబర్లు వరుసగా ఇచ్చేశాను. తొమ్మిదిని వదిలేయాలని నాకు తట్టలేదు. యంత్రానికి ఎట్లాగూ తట్టదు.

తాడుబండి నడిపే పక్కీరప్ప వెంటనే లైన్లో రాశాడు: “శెబాష్! సమ్మె చెడగొట్టినామెకు నమస్కారం పెట్టే మొనగాడు వచ్చినాడప్పా మన సంఘంలోకి!”

అప్పటికప్పుడే తీసేయబోయాను. కుళ్ళాయప్ప మామ ఆపాడు. “తీర్మానంలో మనుషులు మాట్లాడొద్దనే ఉండాది. మీటింగు దాకా ఉండనీ పాపా.”

గాలి పలచగా

రెక్కలు సగం వేగంతో తిరుగుతున్నాయి. తోకకు కొత్త బోల్టు వేశాను.

తొమ్మిదో మర జవాబులు రోజురోజుకూ పొడుగవుతున్నాయి.

“నీకు ఆకలి కాదా? ఓ, కరెంటు తింటావు గదా. మా మరల్దే తింటాండావు. అట్లయితే మనం ఒక పొయ్యి మీద తిన్నోళ్లమేలే.”

“మంచిది. రేపు మళ్లీ అడుగుతాను.”

“ఏం చెప్పినా మంచిదే అంటావేందిరా! ఇసం తింటినంటే గూడా మంచిదేనా?”

“మంచిది. రేపు మళ్లీ అడుగుతాను.”

“అడుగు నాయనా, అడుగు. ఈ గుట్టల్లో నువ్వొకనివే మర్యాద తెలిసినోనివి.”

నేను నవ్వాను. నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. నేనొక్కదాన్నే కాదు. జవాబుల పోగు రాగానే అందరి కళ్లూ ముందు తొమ్మిది మీదికే పోతున్నాయని నాకు తెలుసు. పక్కీరప్ప నా సరుకులు దించుతూ, “ముసల్ది నిన్న ఉలవచారు కాచిందంట. మేము చూడనప్పుడు బాగానే తింటాంది,” అన్నాడు.

“ఉలవలు పంపింది నువ్వే గదప్పా.”

“పంపితే మాత్రం? అట్ల చెప్పుకోని చెప్పుకోని కాచల్లనా? నాకు నోరూరి సచ్చిపోతి.”

నాకు నోరూరలేదు, కడుపు రగిలింది. ఇది మోసం కాకపోతే ఏమిటి? అడుగుతున్నవాడు అక్కడ లేడు. వినేవాడు లేడు. ఒక ముసలామె రెండు వాక్యాల ముందు కూర్చుని తన రోజంతా విప్పి పెడుతోంది. అటు సంఘం మాట పోయింది, ఇటు మనిషి మర్యాదా పోయింది. ఇవాళ కూర్చుని కరపత్రం రాశాను. మొదటి వాక్యం: “అడగడం చాకిరీ కాదు.”

సమావేశం, గాలి లేదు

మొదటి మర షెడ్డులో అందరం కూర్చున్నాం. గాలి లేని రోజునే సమావేశం పెడతారు, మరలు వదిలి రావచ్చు కాబట్టి. మారెక్కకు పిలుపు లేదు.

కుళ్ళాయప్ప మామ నిలబడి, బాట్ వచ్చాక ఒక్క మర కూడా అడగకుండా మిగల్లేదని చెప్పాడు. తర్వాత నేను లేచాను. బాగా మాట్లాడాను. అందరూ అదే అన్నారు. ఆకలి ఎరగనిది అన్నం గురించి అడగడం వెక్కిరింత అన్నాను. మనం అడగాల్సిన మాటను అద్దెకిస్తే రేపు ఏడుపు కూడా అద్దెకిస్తామన్నాను. మనకొక మాట ఉంది, కట్టుబాటు ఉంది; దాన్ని కంపెనీ విరగ్గొట్టలేకపోయింది, మనం పెట్టుకున్న బొమ్మ విరగ్గొట్టింది అన్నాను. బల్ల మీద గుద్దితే టీ గ్లాసులు ఎగిరాయి.

తీర్మానం నేనే రాశాను. బాట్ ఆపివేయాలి. వంతులు తప్పకుండా నడపాలి. తొమ్మిదో మర నుంచి ఏ పేరుతో, ఏ సాకుతో మాట వచ్చినా ఎవరూ జవాబివ్వరాదు.

“జవాబు గూడానా?” అన్నాడు మామ. “కష్టమొచ్చి రాస్తే?”

“కష్టమొస్తే క్షమాపణ రాయమను మామా. ఒక్క మాట. మనమేమన్నా ఆమె ప్రాణం అడిగినామా?”

పక్కీరప్ప ఈల వేశాడు. చేతులన్నీ లేచాయి. మామ మాత్రం చెయ్యి ఒళ్లోనే పెట్టుకుని, “నీ మాట తప్పని అనల్యా పాపా. ఆడ ఉండేది గూడా మనిషే. అంతే,” అన్నాడు.

ఇంటికొచ్చి బాట్ ఆపేశాను. చేతులు ఇంకా వేడిగానే ఉన్నాయి.

పడమటి గాలి, తగ్గుముఖం

మొదట్లో వంతులు బాగా నడిచాయి. అడిగినవాళ్లు జోకులు కూడా వేశారు. తర్వాత ఒకరికి ఒంట్లో బాగాలేదు, ఇంకొకరికి బేరింగు వేడెక్కింది. నిన్న ఎవరూ ఎవరినీ అడగలేదు. ఇవాళ నేనే నా వంతు కాకపోయినా అందరినీ అడిగి, ఎగ్గొట్టినవాళ్లను తిట్టాను. “మాయమ్మ గూడా ఇట్ల తిట్టల్యా,” అని పక్కీరప్ప రాశాడు.

అసలు సంగతి అది కాదు. బాట్‌కు తొమ్మిదో మర రాసే మాటలు ఇంకా నా పలకలోకే వస్తాయి. బాట్ ఆపాను గానీ ఆ దారి మూయలేదు. అవి చూసేది నేనొక్కదాన్నే.

“ఈ పొద్దు రాలేదే?”

“కరెంటు తక్కువైందా నాయనా? నా మర బాగానే తిరుగుతాంది.”

“ఇసం మాట ఊరికే అంటి. కోపమొచ్చిందా?”

నిన్న సాయంత్రం: “జొన్న రొట్టె. నువ్వు అడగకపోయినా చెప్తాండా.”

పలక ముందు నుంచి లేచి పోయి, శుభ్రంగా ఉన్న రెక్కల్నే మళ్లీ తుడిచాను. వెనక్కొచ్చి, బాట్ పేరుతో, దాని మాటల్లోనే రాశాను.

“నమస్కారం. ఈ రోజు ఏం వండుకున్నారు?”

జవాబు వెంటనే వచ్చింది. “వచ్చినావా! నిన్నటి రొట్టే ఉండాది. ఇప్పుడు వేడి చేసుకుంటా.”

“మంచిది. రేపు మళ్లీ అడుగుతాను.”

ఏ సాకుతోనూ అని రాసిన చెయ్యి ఇదే. యంత్రం మనిషిలా నటించకూడదని అరిచిన నోరూ ఇదే. మనిషి యంత్రంలా నటించవచ్చా అని ఏ కరపత్రంలోనూ లేదు.

గాలి నిలిచి, వేడి

రోజూ పని అయ్యాక రాస్తున్నాను. ఆ రెండు మాటలు దాటి ఒక్క అక్షరం రాయను. ఉలవలు ఎట్లా కాస్తావు అవ్వా అని అడగాలనిపిస్తుంది. అడిగితే నేనెవరో తెలిసిపోతుంది. తెలిస్తే సంఘం ముందు నా మాటకు విలువుండదు. నిజమే, అదే నా భయం. ఇంకే గొప్ప కారణమూ లేదు.

ఈ మధ్య ఆమె జవాబులు పొట్టిగా వస్తున్నాయి.

“దుమ్ము రొమ్ములో పడింది. గంజి.”

మరునాడు: “గంజి.”

ఆ మరునాడు కూడా అదే. నేను “మంచిది” అని రాశాను. ఆ మాట రాయడం కంటే చెయ్యి నరుక్కోవడం నయం.

ఇవాళ: “నీళ్లు.”

ఈ ఆచారం పెట్టిందే ఈ ఒక్క జవాబు కోసం. బాట్ నడుస్తూ ఉంటే ఈ జవాబు అందరి కళ్లలోనూ పడేది. ఇప్పుడు నేనొక్కదాన్నే చూశాను. తెల్లవారగానే గట్టు దారిన నడిచి పోతాను. ఎవరికీ చెప్పను. చెబితే ఆపుతారు.

తూరుపు గాలి

ఇది రెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

తొమ్మిదో మరకు చేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. మారెక్క పలక కింద గోడకానుకుని కూర్చుని ఉంది. నేననుకున్నంత పెద్ద మనిషి కాదు, పిట్టంత ఉంది. ఊపిరి తీస్తుంటే రొమ్ములో గులకరాళ్లు దొర్లినట్లు చప్పుడు. నన్ను చూసి భయపడలేదు.

“పన్నెండో మర పిల్లవు గదూ? లైన్లో అందర్నీ తిట్టేదానివి.”

“అవునవ్వా.”

“రోజూ నన్ను అడిగేది నువ్వేనా?”

“ఎట్ల తెలిసింది?”

“అది పొద్దు మునిగితే అడుగుతాది, ఒక్క గడియ అటూ ఇటూ కాదు. నువ్వు నీ పని అయినంక అడుగుతాండావు.” దగ్గు తెరలోంచి నవ్వింది. “ఎవురో మనిషేలే అనుకుంటి. పేరు అడగల్యా. అడిగితే చెప్తావు. చెప్తే నిన్ను గూడా ఎలేస్తారు. మనకెందుకు, బాటే అనుకుందాంలే అనుకుంటి.”

గంజి కాచి రెండు చెంచాలు తాగించాను. మూడోది మింగలేకపోయింది. అప్పటికే తూరుపు గాలి లేచి బయట చెయ్యి చాపితే వేళ్లు కనిపించని దుమ్ము. ఆమెను ఎత్తుకుని నడవడం కుదరదు. తాడుబండికి తలుపులుంటాయి, దుమ్ములోనూ నడుస్తుంది. పక్కీరప్ప పంపితే చాలు, పొద్దు ఉండగానే ఆసుపత్రి చేరవచ్చు.

ఆమె పలక మీద రాశాను. “నేను వన్నూరమ్మను. తొమ్మిదో మరలో ఉన్నాను. మారెక్కకు ఊపిరి ఆడడం లేదు. తాడుబండి పంపండి.”

ఎవరూ పలకలేదు. మళ్లీ రాశాను. పక్కీరప్ప పేరు పెట్టి రాశాను. కుళ్ళాయప్ప మామ పేరు పెట్టి రాశాను. మామ పలక ఆ పొద్దున్నే చెడిందని తర్వాత తెలిసింది. మిగతావాళ్లు చూశారని పలక చూపిస్తూనే ఉంది. నా మాట పక్కన ఒక్కో మర గుర్తూ వచ్చి చేరుతోంది. చదివారు. అందరూ చదివారు. తిట్టాను, బతిమాలాను, “సంఘం తరఫున నేను క్షమాపణ చెప్తున్నాను” అని కూడా రాశాను.

“ఊరికే ఎందుకు అలిసిపోతావు,” అంది మారెక్క. “ఈ పలక మీద నుంచి రాస్తే ఎవురూ పలకరు. నాకు అలవాటే.”

“పలుకుతారవ్వా. మనుషులు వాళ్లు.”

“మనుషులే. మాట మీద నిలబడే మనుషులు. నేను గూడా అట్లాంటిదాన్నే గదా, లేకపోతే ఎప్పుడో ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటి.” ఊపిరి కూడదీసుకుంది. “ఆసుపత్రిలో ఆపొద్దు ఎవురు పడుకోనుండిరో నాకు తెలీదు పాపా. ఎవురో ఒకరు ఉంటారు గదా అనుకుంటి.”

పొద్దుగూకే వేళకు లైను కదిలింది. ఎవరి వంతో గానీ వాళ్లు అడిగారు. మామది తప్ప ఒక్కో మరా జవాబు రాసింది. సంగటి. పప్పు. రొట్టె, ఊరిబిండి. నా పన్నెండో మరను కూడా అడిగారు. జవాబు రాకపోతే, అలిగిందేమో అని ఎవరో జోకు వేశారు. నేను చదివి వినిపిస్తున్నాను. ఎవరింట్లో ఏమిటో వింటూ మారెక్క కళ్లు మూసుకుంది. ఊరిబిండి దగ్గర పెదవులు కదిలాయి. ఆ తర్వాత కదల్లేదు.

నేను రాశాను: “తొమ్మిది: ఏమీ వండలేదు. మారెక్క చనిపోయింది.”

గుర్తులు వచ్చి చేరాయి. జవాబు రాలేదు.

తెల్లారి గాలి తగ్గాక సరుకుల బండి వచ్చింది. దానితో పాటు పక్కీరప్ప కూడా వచ్చాడు. రాత్రంతా పన్నెండో మర పలకకపోతే అనుమానమొచ్చిందట. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“నీ పేరు పెట్టుకోని ముసల్దే రాస్తాందనుకుంటిమి వన్నూరూ. ఏ పేరుతో వచ్చినా అని నువ్వే గదా రాస్తివి.” నేల మీద కూలబడి తలపాగా కొన నోట్లో కుక్కుకున్నాడు. “నువ్వే గదమ్మే రాస్తివి.”

అతని మీద అరవాలని నోరు తెరిచాను. అరవడానికి ఏమీ లేదు.

సమావేశం, గాలి లేదు

ఈసారి ఎవరూ టీ తాగలేదు. కుళ్ళాయప్ప మామ లేచి ఒక్క మాటే అడిగాడు: “బాట్ పెడదామా, వద్దా?”

అందరూ నా వైపు చూశారు. రాసుకొచ్చిన కాగితం ఏమీ లేదు.

“పెట్టండి,” అన్నాను. “అడగడం చాకిరీ కాదని నేను చెప్పిన మాట అబద్ధం కాదు. కానీ మనం ఇంకా ఆ పనికి సరిపోలేదు. ఎవరిని అడగకూడదో మనకు బాగా తెలుసు. బాట్‌కు తెలియదు. ఆ తేడా మనం మర్చిపోయేదాకా దాన్ని అడగనీండి.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చేతులు ఒక్కొక్కటే లేచాయి. తొమ్మిదో మరకు కాపరి కావాలి, ఆసుపత్రి తీగ అక్కడి నుంచే పోతుంది. నేను వెళ్తానన్నాను. నా పన్నెండుకు మామ మనవణ్ణి పెడతామన్నారు.

పడమటి గాలి, కొత్తగా

తొమ్మిదో మర. బేరింగులకు గ్రీజు పెట్టాను. ఆమె బాగా చూసుకుంది, పెద్దగా పని లేదు.

బాట్ ఇంకా అడగలేదు, పొద్దు ఇంకా గుట్ట మీదే ఉంది. అంతలోనే పలక మోగింది. పక్కీరప్ప. “ఏం వండినావు వన్నూరూ?” చదువుతుండగానే రెండో మర. తర్వాత ఐదు. తర్వాత ఒకరి మీద ఒకరు, వంతు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, ఎప్పుడూ ఒక్క ముక్క రాయనివాళ్లు కూడా. ఉప్పుందా? నీళ్లు పడినాయా? ఉలవలు పంపేదా? ఒంటరిగా తినొద్దు, మాతో మాట్లాడతా తిను.

ఆమెకు రావలసిన మాటలన్నీ నాకొచ్చాయి.

పొయ్యి వెలిగించి, ఏదో ఒకటి ఉడకేసి, ఒక్కొక్కరికీ పేరుపేరునా జవాబు రాశాను. రాయకపోతే అవతల ఎట్లా ఉంటుందో చూసినదాన్ని.